జేసీఎల్‌లో ఖాళీ జాగా కూడా మాట్లాడుతుంది: పారామీటర్లు, కామెంట్లు, హద్దులు

ఈరోజు టాపిక్ జేసీఎల్. అంటే జాబ్ కంట్రోల్ లాంగ్వేజ్. మెయిన్‌ఫ్రేమ్ కోర్సులో చేరినవాళ్లు మొదటి వారంలోనే భయపడేది దీన్ని చూసే. "కోబాల్ అయినా అర్థమవుతోంది అన్నా, ఈ రెండు గీతలు, కామాలు, బ్రాకెట్లే బుర్రకెక్కట్లేదు" అంటుంటారు.

ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. జేసీఎల్‌లో ఖాళీ జాగా ఒక సరిహద్దు లాంటిది. సరిహద్దుకి ఇవతల ఉన్నది ఆర్డర్, అవతల ఉన్నది కామెంట్. మీరు తెలిసి రాసిన కామెంట్‌తో ఏ ప్రమాదమూ లేదు. మీకు తెలియకుండా కామెంట్ అయిపోయిన ఆర్డర్ ఉంటుంది చూడండి, అదీ ప్రమాదం.

చదివేవాళ్లకు ఒక చిన్న మాట. వీడియోలో స్క్రీన్ మీద కోడ్ ఇంగ్లీష్ పెద్దక్షరాల్లో ఉంటుంది. ఇక్కడ దాన్ని పలికినట్టే తెలుగులో రాశాం. గీతలు, కామాలు, ఖాళీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

జేసీఎల్ చేసే పని ఏంటి?

మీ ఫోన్‌లో డబ్బు పంపితే వెంటనే వెళ్లిపోతుంది. కానీ పెద్ద బ్యాంకుల్లో వడ్డీ లెక్కలు, జీతాల జమ, స్టేట్‌మెంట్లు, ఇలాంటివి ఎక్కువగా రాత్రిపూట కుప్పగా నడుస్తాయి. దీన్నే బ్యాచ్ అంటారు. లెక్క చేసే ప్రోగ్రామ్ కోబాల్‌లోనో ఇంకోదాంట్లోనో ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ ముందు, ఏది వెనక, ఏ ఫైల్ చదవాలి, ఫలితం ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ సిస్టమ్‌కి చెప్పే చీటీయే జేసీఎల్.

మన దిక్కు ఉదాహరణే తీసుకుందాం. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది, 2015 డిసెంబరులో మూతపడింది. మీ తాతనో, పెద్దనాన్ననో అడిగితే అక్కడ పని ఎట్లా నడిచేదో చెప్తారు. ముందు చెరుకు నలపాలి, తర్వాత రసం శుద్ధి చేయాలి, మరిగించాలి, చక్కెర తీయాలి, చివరికి సంచుల్లో నింపాలి. రసమే సరిగ్గా రాకపోతే కింద మంట పెట్టి లాభం లేదు. జేసీఎల్‌లో కూడా అంతే. మొత్తం పనిని జాబ్ అంటారు. లోపల ఒక్కో పనిని స్టెప్ అంటారు. ముందు స్టెప్ చెడితే తర్వాతి స్టెప్ నడవాలా వద్దా అన్నది మీరే రాయాలి.

దీంట్లో ముఖ్యమైన స్టేట్‌మెంట్లు మూడు. జాబ్ అంటే పని పేరు, ఎవరిది అనే వివరం. ఎగ్జెక్ అంటే ఈ ప్రోగ్రామ్‌ని నడుపు అని. డీడీ అంటే ఈ ఫైల్ తీసుకో, లేదా ఇక్కడ పెట్టు అని.

80 గడుల అట్టముక్క

ఈ రూల్స్ ఇట్లా ఎందుకున్నాయో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఐబీఎం సిస్టమ్/360 మెషీన్లను 1964 ఏప్రిల్ 7న ప్రకటించింది. వాటి కోసం తయారైన ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే జేసీఎల్ వచ్చింది. అప్పుడు కీబోర్డు, స్క్రీన్ ముందు కూర్చుని టైప్ చేయడం మామూలు విషయం కాదు. అట్టముక్కలకు రంధ్రాలు కొట్టి మెషీన్‌కి తినిపించేవాళ్లు. ఒక్కో కార్డు మీద 80 నిలువు గడులు. ఐబీఎం ఆ 80 గడుల కార్డును 1928లోనే తెచ్చింది.

కార్డులు పోయాయి. కానీ 80 గడుల లెక్క పోలేదు. ఇవాళ్టి జెడ్/ఓఎస్‌లో కూడా జేసీఎల్ లైన్ అంటే ఒక కార్డే.

మొదటి రెండు గడుల్లో రెండు ఏటవాలు గీతలు ఉండాలి. మూడో గడి నుంచి పేరు. తర్వాత ఖాళీ. తర్వాత పని, అంటే జాబ్, ఎగ్జెక్, డీడీల్లో ఒకటి. మళ్లీ ఖాళీ. తర్వాత పారామీటర్లు. మళ్లీ ఖాళీ. ఆ తర్వాత ఏం రాసినా కామెంట్. ఇదంతా 71వ గడి లోపే అయిపోవాలి. 72వ గడి కొనసాగింపు గుర్తు కోసం. 73 నుంచి 80 వరకు వరుస నంబర్ల కోసం. కార్డుల కట్ట చేతిలోంచి జారి కిందపడితే మళ్లీ వరుసలో పెట్టుకోవాలి కదా, అందుకని.

అంటే 71 దాటి రాసిన అక్షరం మీ స్క్రీన్ మీద చక్కగా కనిపిస్తుంది. సిస్టమ్ మాత్రం దాన్ని పారామీటర్‌గా చూడదు. కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే.

పారామీటర్లు రెండు రకాలు

ఒకటి పొజిషనల్. ఏ స్థానంలో ఉందో దాన్నిబట్టి అర్థం. బస్సు టికెట్ తీసుకునేటప్పుడు "ఆర్మూర్, నిజామాబాద్" అంటే ఎక్కేది ఆర్మూర్, దిగేది నిజామాబాద్. తిప్పి చెప్తే అర్థమే మారిపోతుంది. రెండోది కీవర్డ్. దీంట్లో పేరు, ఈక్వల్ గుర్తు, విలువ ఉంటాయి కాబట్టి ముందు రాసినా వెనక రాసినా ఒకటే. పొజిషనల్‌వి ఎప్పుడూ ముందు రావాలి.

ఒక్కోసారి కీవర్డ్ లోపల మళ్లీ స్థానాల లెక్క ఉంటుంది. డిస్ప్ చూడండి:

డిస్ప్=(న్యూ,క్యాటలాగ్,డిలీట్)

మొదటి స్థానం: ఫైల్ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. న్యూ అంటే కొత్తగా తయారు చేయి. రెండో స్థానం: స్టెప్ మంచిగా ముగిస్తే ఫైల్‌ని ఏం చేయాలి. క్యాటలాగ్ అంటే పేరు నమోదు చేసి దాచు. మూడో స్థానం: స్టెప్ మధ్యలో కుప్పకూలితే ఏం చేయాలి. డిలీట్ అంటే తీసేయ్.

మొదటిది రాయకుండా వదిలేయొచ్చు, కానీ దాని కామా మాత్రం ఉండాలి:

డిస్ప్=(,క్యాటలాగ్,డిలీట్)

ఇక్కడ ఆ కామా "ఒక స్థానం ఖాళీగా ఉంది, మామూలుగా ఏది తీసుకుంటావో అదే తీసుకో" అని చెప్తోంది. సిస్టమ్ న్యూ అనుకుంటుంది. పెళ్లి విందులో పక్క కుర్చీ మీద రుమాలు వేసి ఆపుతాం చూడండి, అట్లా.

ఇంకో రూల్. విలువలో ఖాళీ గానీ ప్రత్యేక గుర్తులు గానీ ఉంటే, చాలా చోట్ల దాన్ని ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. లోపల మళ్లీ అదే గుర్తు రావాలంటే రెండుసార్లు కొట్టాలి. కొటేషన్ల లోపల ఉన్న ఖాళీ సరిహద్దు కాదు, విలువలో భాగం.

కామెంట్లు: రాసినవి, రాయనివి

పద్ధతిగా కామెంట్ రాయడానికి రెండు దారులు. మొదటిది, లైన్ మొదట్లోనే రెండు గీతలు, వెంటనే ఒక చుక్క గుర్తు, అంటే ఆస్టరిస్క్. ఆ లైన్ మొత్తం కామెంట్:

//* ఇది చెరుకు బిల్లుల జాబ్

రెండోది, పారామీటర్లు అయిపోయాక ఒక ఖాళీ వదిలి రాయడం. దీనికి వేరే గుర్తు ఏమీ అవసరం లేదు. ఇక్కడే కథ మొదలవుతుంది. గుర్తు ఏమీ లేకుండా కామెంట్ మొదలవుతుందంటే, వేలు పొరపాటున స్పేస్ బార్ మీద పడినా కామెంట్ మొదలవుతుంది.

ఒక ఊహించిన జాబ్ తీసుకుందాం. చెరుకు రైతులకు డబ్బు చెల్లించే జాబ్ అనుకోండి. మొదటి స్టెప్ తూకాల లెక్కలు సరిచూస్తుంది. రెండో స్టెప్ రైతుల ఖాతాల్లోకి డబ్బు పంపుతుంది. మొదటి స్టెప్‌లో తేడా వస్తే అది 8 అనే రిటర్న్ కోడ్ ఇస్తుంది. అప్పుడు రెండో స్టెప్ నడవకూడదు. అందుకని ఇట్లా రాస్తాం:

//చెల్లింపు ఎగ్జెక్ పీజీఎం=బిల్లులు,కాండ్=(4,ఎల్‌టీ)

కాండ్ అంటే కండిషన్, ఎల్‌టీ అంటే తక్కువ. దీన్ని ఇట్లా చదవండి: "4 అనేది ముందు స్టెప్ ఇచ్చిన కోడ్ కంటే తక్కువైతే, ఈ స్టెప్‌ని వదిలేయ్." 8 వచ్చింది. 4, 8 కంటే తక్కువే. కాబట్టి వదిలేస్తుంది. 0 వస్తే, 4 అనేది 0 కంటే తక్కువ కాదు. కాబట్టి నడుస్తుంది. కాండ్ చెప్పేది ఎప్పుడు నడపాలో కాదు, ఎప్పుడు వదిలేయాలో. ఇంటర్వ్యూల్లో బాగా అడిగే పాయింట్ ఇది, రాసిపెట్టుకోండి.

ఇప్పుడు కామా బదులు ఖాళీ పడిందనుకోండి:

//చెల్లింపు ఎగ్జెక్ పీజీఎం=బిల్లులు కాండ్=(4,ఎల్‌టీ)

ఎర్రర్ వస్తుందా? రాదు. బిల్లులు అనే మాట తర్వాత ఖాళీ వచ్చింది కాబట్టి పారామీటర్లు అయిపోయాయి. కాండ్ నుంచి చివరిదాకా కామెంట్. తూకాల స్టెప్ 8 అని అరిచినా చెల్లింపు స్టెప్ నడుస్తుంది. తప్పు లెక్క మీద డబ్బు వెళ్లిపోతుంది. లైన్ చూసినవాళ్లందరికీ కాండ్ కనిపిస్తూనే ఉంటుంది. "కండిషన్ ఉంది కదా" అనుకుంటారు. అదే దీంట్లో ఉన్న విషం.

ఇంకొకటి చూడండి:

//ఫలితం డీడీ డీఎస్ఎన్=బోధన్.బిల్లులు,స్పేస్=(సిల్,(10,5)) డిస్ప్=(న్యూ,క్యాటలాగ్,డిలీట్)

డిస్ప్ ముందు కామా లేదు. అంటే డిస్ప్ లేనట్టే. డిస్ప్ లేకపోతే సిస్టమ్ అనుకునేది ఏంటంటే, ఫైల్ కొత్తది, స్టెప్ అయిపోయాక తీసేయాలి. ప్రోగ్రామ్ శుభ్రంగా నడుస్తుంది, ఫైల్ రాస్తుంది, కోడ్ 0 వస్తుంది. స్టెప్ ముగియగానే ఫైల్ మాయం. పొద్దున మీరు "జాబ్ సక్సెస్" అని చూసి సంతోషిస్తారు, అవతల ఫైల్ కోసం ఎదురుచూసేవాడు తల పట్టుకుంటాడు.

ఇంకో మాట. రెండు గీతలు మాత్రమే ఉండి మిగతా అంతా ఖాళీగా ఉన్న లైన్ కామెంట్ కాదు. దానికి అర్థం "జాబ్ అయిపోయింది" అని. లైన్ల మధ్య కాస్త గ్యాప్ ఉంటే అందంగా ఉంటుందని అట్లాంటి లైన్ మధ్యలో పెడితే, దాని కింద ఉన్న మీ స్టెప్పులు జాబ్‌లోకే రావు. గ్యాప్ కావాలంటే ఆస్టరిస్క్ పెట్టిన కామెంట్ లైన్ వాడండి.

లైన్ చాలకపోతే

71 గడుల్లో పట్టకపోతే కామా దగ్గర ఆపి కింది లైన్‌కి వెళ్లాలి. కింది లైన్లో రెండు గీతలు, మూడో గడి ఖాళీ, ఆ తర్వాత 4 నుంచి 16వ గడి లోపు మిగతా పారామీటర్ మొదలవ్వాలి. 16 దాటి మొదలుపెడితే సిస్టమ్ దాన్ని పారామీటర్‌గా తీసుకోదు. కొటేషన్ల మధ్య ఉన్న విలువను తెంపాల్సి వస్తే ఇంకా కఠినం: 71వ గడి దాకా రాసి, కింది లైన్లో సరిగ్గా 16వ గడిలో మొదలుపెట్టాలి.

కామా పెట్టి వెంటనే ఖాళీ వదిలితే? కామా ఉంది కాబట్టి "ఇంకా ఉంది, కింది లైన్లో వస్తుంది" అనుకుంటుంది. ఖాళీ తర్వాత ఆ లైన్లో ఉన్నది కామెంట్ అనుకుంటుంది. కింద కొనసాగింపు లేకుండా వేరే స్టేట్‌మెంట్ వస్తే, కొనసాగింపు రాలేదని ఎర్రర్ ఇస్తుంది. అట్లాంటి ఎర్రర్ వస్తే సంతోషించండి, తప్పు అక్కడే దొరికింది. కానీ కింద నిజంగానే కొనసాగింపు లైన్ ఉంటే? ఎర్రర్ ఉండదు. మధ్యలో ఉన్న పారామీటర్ ఒక్కటే చప్పుడు లేకుండా మాయమవుతుంది.

గుర్తుంచుకోవాల్సిన హద్దులు

పేరు 8 అక్షరాలు దాటకూడదు. మొదటిది అంకె కాకూడదు. ఇంగ్లీష్‌లో ఏర్గట్ల 7 అక్షరాలు, పట్టేస్తుంది. ముందు వై పెట్టి రాసినా 8, పర్లేదు. బోధన్ 6. నిజామాబాద్ మాత్రం 9, పట్టదు! హైదరాబాద్ కూడా 9, అదీ పట్టదు. జేసీఎల్ దగ్గర జిల్లా హెడ్‌క్వార్టర్ కంటే మన మండలమే నయం.

ఫైల్ పేరు చుక్కలతో కలిపి 44 అక్షరాలు. చుక్కల మధ్య ఒక్కో ముక్క 8 లోపే. ఒక జాబ్‌లో 255 స్టెప్పులే. ఒక కాండ్‌లో 8 పరీక్షలే.

ఎగ్జెక్‌లో పార్మ్ అని ఉంటుంది, ప్రోగ్రామ్‌కి చిన్న సమాచారం పంపడానికి. దాని హద్దు 100 అక్షరాలు. దశాబ్దాల పాటు ఇదే బాధ. 2013లో వచ్చిన జెడ్/ఓఎస్ 2.1లో పార్మ్‌డీడీ అనే కొత్త దారి ఇచ్చారు. దాంతో సమాచారాన్ని ఫైల్‌లో పెట్టి 32,760 అక్షరాల దాకా పంపొచ్చు. పాత 100 హద్దును మాత్రం కదిలించలేదు. పాత ప్రోగ్రామ్‌లు ఆ 100ని నమ్ముకుని ఉన్నాయి, దాన్ని మారిస్తే అవి చెడిపోవచ్చు. మెయిన్‌ఫ్రేమ్ ప్రపంచం పద్ధతే అది. పాత గోడ కూల్చరు, పక్కన కొత్త తలుపు పెడతారు.

స్పేస్ లెక్క కూడా చూద్దాం. ఇందాక స్పేస్=(సిల్,(10,5)) అని రాశాం. సిల్ అంటే సిలిండర్లు, డిస్క్ మీద జాగా కొలత. ముందు 10 ఇస్తుంది. చాలకపోతే 5 చొప్పున పెంచుతుంది. మామూలు సీక్వెన్షియల్ ఫైల్‌కి ఒక డిస్క్ మీద మొత్తం 16 ముక్కలే. మొదటి 10 ఒకే ముక్కగా దొరికితే, 15 సార్లు 5, అంటే 75. మొత్తం 85 సిలిండర్లు. అది కూడా నిండితే జాబ్ జాగా లేదని పడిపోతుంది.

ఇక అసలు పరిమితి. జేసీఎల్‌లో లూప్ లేదు, వెనక్కి వెళ్లే దారి లేదు. ఇఫ్, ఎల్స్ లాంటివి తర్వాత చేర్చారు గానీ, ఇది మామూలు ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ లెక్క ఎదగలేదు. ఆ ఆపరేటింగ్ సిస్టమ్ తయారీకి నాయకత్వం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ తర్వాతి కాలంలో తన టీమ్ చేసిన ఈ భాషనే ఘోరంగా విమర్శించాడు. ఇది కూడా ఒక ప్రోగ్రామింగ్ భాషేనని మొదట్లో గుర్తించకపోవడమే తప్పని ఆయన అభిప్రాయం. కాబట్టి మీకు కష్టంగా అనిపిస్తే మీ తెలివి మీద అనుమానం పెట్టుకోకండి.

ఇంత పాత దాని గురించి మనకెందుకు?

2000 సంవత్సరం దగ్గరపడుతున్నప్పుడు వైటూకే పని కోసం కోబాల్, జేసీఎల్ తెలిసినవాళ్లకు ఒక్కసారిగా డిమాండ్ వచ్చింది. అమీర్‌పేట్‌లో కోర్సు చేసి అమెరికా విమానం ఎక్కిన తెలుగువాళ్లు ఎందరో. ఇవాళ్టికీ హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ బ్యాంకుల రాత్రి బ్యాచ్ చూసుకునే మనవాళ్లు ఉన్నారు. అక్కడ బ్యాచ్ ఆగితే ఏమవుతుందో చెప్పే సంఘటన ఒకటుంది.

2012 జూన్‌లో బ్రిటన్‌లో రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ గ్రూపులో బ్యాచ్ జాబులను వరుసగా నడిపే షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చెడింది. వెనక్కి తీసుకోబోతే ఇంకా చిక్కుపడింది. నాట్‌వెస్ట్, అల్‌స్టర్ బ్యాంక్ కస్టమర్లతో కలిపి బ్రిటన్‌లో కనీసం 65 లక్షల మందికి ఇబ్బంది అయింది. ఖాతాలో డబ్బు సరిగ్గా కనిపించలేదు, చెల్లింపులు ఆగాయి. 2014 నవంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. ఆ గొడవలో హైదరాబాద్ పేరు కూడా వార్తల్లోకి లాగారు. కానీ బ్యాంక్ అధిపతి స్టీఫెన్ హెస్టర్ పార్లమెంటు కమిటీకి రాసిన లేఖలో, ఆ సిస్టమ్స్ చూసేది ఎడిన్‌బరోలోని తమ టీమే అని చెప్పాడు.

అది జేసీఎల్ కామా తప్పు కాదు, షెడ్యూలర్ తప్పు. కానీ రెండు పాఠాలున్నాయి. బ్యాచ్ అంటే వెనక గదిలో పని అనిపిస్తుంది, ఆగితే మాత్రం జీతం రాని ఇల్లు కనిపిస్తుంది. రెండోది, ఏదైనా చెడితే దూరంగా ఉన్నవాడి మీదకే వేలు ముందు లేస్తుంది. మన లైన్ మనం సరిగ్గా చూసుకున్నామని చూపించగలగాలి.

రేపటి నుంచి ఏం చేయాలి?

ఒకటి: ఒక్కో పారామీటర్ ఒక్కో లైన్లో రాయండి. చివరి దానికి తప్ప ప్రతిదానికీ కామా ఉందా అని వేలితో చూపిస్తూ చూడండి. రెండు: జాబ్ స్టేట్‌మెంట్‌లో టైప్‌రన్=స్కాన్ పెడితే జాబ్ నడవకుండా సింటాక్స్ మాత్రం చూస్తుంది. అయితే మాయమైన కాండ్‌ని అది పట్టుకోదు, ఎందుకంటే దాని లెక్కలో అది కామెంటే. మూడు: కాబట్టి జాబ్ నడిచాక లాగ్‌లో చూడండి. వదిలేయాల్సిన స్టెప్ నిజంగా వదిలేసిందా? టెస్ట్‌లో కావాలనే ముందు స్టెప్‌ని చెడగొట్టి చూస్తేనే తెలుస్తుంది.

ప్రాక్టీస్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు. ఐబీఎం వాళ్ల జెడ్ ఎక్స్‌ప్లోర్ ఫ్రీగా ఉంది. ఫోన్‌లో పాఠం చదవొచ్చు గానీ, గడులు లెక్కపెట్టి రాయడానికి మాత్రం ల్యాప్‌టాప్ చూసుకోండి. ఆసక్తి ఉన్నవాళ్లు హెర్క్యులీస్ అనే ఎమ్యులేటర్‌లో పాత ఎంవీఎస్ 3.8 నడిపి చూడొచ్చు.

ఇక హోంవర్క్:

//లెక్క ఎగ్జెక్ పీజీఎం=తూకం, పార్మ్='బోధన్'
//         కాండ్=(4,ఎల్‌టీ)

దీనికి ఎర్రర్ వస్తుందా, రాదా? కాండ్ పనిచేస్తుందా? ప్రోగ్రామ్‌కి బోధన్ అనే మాట అందుతుందా? జవాబు కామెంట్‌లో రాయండి. జేసీఎల్ కామెంట్లు సిస్టమ్ చదవదు గానీ, మీ కామెంట్లు నేను చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో జాబ్ లాగ్ చదవడం ఎట్లాగో చూద్దాం. ఉంటా మరి!